మొదటి ముద్ద నాదే

మా మరిది హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన కొన్ని నెలలకే నేను మంత్రగత్తెనైపోయాను. అందుకోసం నేను ప్రత్యేకంగా కష్టపడిందేమీ లేదు. ఎప్పటిలాగే పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు చేశాను, పప్పు ఉడకబెట్టాను, మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టాను. ఇంత తక్కువ శ్రమతో అంత పెద్ద పేరు ఆత్మకూరులో ఇంకెవరికీ వచ్చి ఉండదు.

ఆత్మకూరు మా అత్తగారి ఊరు. నేను పుట్టి పెరిగింది నాగర్‌కర్నూల్‌లో. మా ఆయనకు బస్టాండు వెనక బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. మామగారు పోయి చాలా కాలమైంది. ఇంట్లో అత్త, మా ఆయన, నేను. పండగలకూ పబ్బాలకూ మాత్రమే కనిపించే మరిది ఒకనాడు రెండు బ్యాగులతో దిగి, కంపెనీవాళ్లు ఇంటి నుంచే పని చేసుకొమ్మన్నారని చెప్పాడు. కంప్యూటర్ ఉద్యోగం. మిద్దె మీద గది ఆయనకిచ్చాం. లాప్‌టాప్, చెవులకు పెట్టుకునే పెద్ద డబ్బాలు, ఛార్జింగ్ పెట్టే నల్ల పెన్ను ఒకటి, ఇవీ ఆయన సామాన్లు. పెన్నుకు ఛార్జింగ్ ఎందుకని మా అత్త అడిగితే, కంపెనీదన్నాడు. కంపెనీది అంటే మా ఇంట్లో ఇక ప్రశ్న ఉండదు.

మొదట్లో అందరం సంతోషంగానే ఉన్నాం. పట్నంలో సరిగ్గా తినడని బెంగపడ్డ మా అత్తకు, కొడుకు రొట్టెల మీద రొట్టెలు తింటుంటే కడుపు నిండిపోయేది. తిని గంట కాకముందే మళ్లీ వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశాడో గుర్తురాక అందులోకే చూస్తూ నిలబడేవాడు. ఆ చల్లగాలి మీద అంత మనసు పెట్టినవాణ్ని నేనింతవరకు చూడలేదు. గదిలో పొద్దూమాపూ అగరుబత్తులు వెలిగించేవాడు. "పట్నం పోయినా పిల్లగానికి భక్తి తగ్గలే" అని మా అత్త ఇరుగుపొరుగుకు చెప్పుకుని మురిసేది. ఏ దేవుడికి వెలిగిస్తున్నాడో అడగాలని ఎవరికీ తోచలేదు. గదిలో దేవుడి పటమే లేదు.

కళ్లు ఎర్రగా ఉండేవి. కంప్యూటర్ చూసి చూసి అనుకున్నాం. గోడ మీద బల్లి కదిలితే నవ్వేవాడు. నవ్వు మొహం మంచిదే కదా అనుకున్నాం. ఏదైనా అడిగితే జవాబు వచ్చేలోపు నేను రెండు గుండీలు కుట్టి కాజాలు కూడా చూసుకునేదాన్ని. చదువుకున్నవాడు, ఆలోచించి మాట్లాడతాడు అనుకున్నాం. మేము అనుకోనిది ఒక్కటీ లేదు, అసలుది తప్ప.

ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి.

పొద్దున లేవగానే కడుపు పట్టుకుని బాత్రూములోకి పోయేవాడు. నీళ్లు తాగినా నిలిచేవి కావు. కొన్నాళ్లు అలా పడి, మళ్లీ కొన్నాళ్లు బాగుండి, మళ్లీ మొదలు. మా ఊళ్లో క్లినిక్కులో గ్యాస్ అన్నారు, గోళీలు ఇచ్చారు. అమరచింతలో ఒకాయన అల్సర్ అన్నాడు. రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ కూడా కావచ్చన్నారు. తగ్గించింది మాత్రం ఒక్కటే, వేడినీళ్లు. వాంతి రాగానే బాత్రూములో కూర్చుని, చర్మం ఎర్రబడేదాకా వేడినీళ్లు పోసుకునేవాడు. చల్లారితే మళ్లీ "వదినా, నీళ్లు" అనేవాడు. బక్కెట్లో హీటర్ రాడ్డు తీయడం పెట్టడం నా ఉద్యోగమైపోయింది. కరెంటు పోతే పెరట్లో కట్టెలపొయ్యి మీద కాగు ఎక్కించేదాన్ని. ఎండాకాలం మన పాలమూరులో, పిట్టలు నీడ వెతుక్కునే వేళ, మా ఇంట్లో ఒక మగమనిషి మరిగే నీళ్ల కోసం ఏడుస్తున్నాడు. అది చూసి కూడా మాకు అనుమానం రాలేదు. వచ్చింది, కాని దారి తప్పి నా మీదికి వచ్చింది.

మా అత్త పుట్టిల్లు గద్వాల దాటి, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. మా వైపు మందు పెట్టడం అంటారే, దాన్ని వాళ్లు మద్దు పెట్టడం అంటారు. ఎవరైనా ఒక మనిషిని తమ చెప్పుచేతల్లో పెట్టుకోవాలంటే తిండిలో ఏదో కలిపి తినిపిస్తారట. అది అరగదట. కడుపులో ఒక మూల గడ్డకట్టి కూర్చుంటుందట. తిన్నవాడు రోజురోజుకూ ఎండిపోతూ, పెట్టినవాళ్ల మాటే వింటాడట. దాన్ని కక్కించేవాళ్లు వేరే ఉంటారు. దవాఖానలో ఇది దొరకదు, ఎందుకంటే డాక్టర్లు చదివే పుస్తకాల్లో ఇది లేదు. మా అత్త ఈ మాట డాక్టర్ల మీద జాలితో చెప్పేది.

వాంతులొక్కటే అయితే మా అత్త కూడా గ్యాస్ అనుకునేదేమో. పొలం మాట వచ్చి చెడింది. అమరచింత దారిలో మాకు కొంత మెట్టభూమి ఉంది. అన్నదమ్ములిద్దరికీ పంచాలని అత్త మాట ఎత్తితే, మా మరిది చాప మీద వెల్లకిలా పడుకుని, "నాకెందుకమ్మా భూమి. అంతా అన్నకే రాయి. ఆకాశం చూడు ఎంత పెద్దగున్నదో" అన్నాడు. మా అత్త చేతిలో చాట కింద పెట్టేసింది. భూమి వద్దన్న మగవాణ్ని ఆమె తన జీవితంలో చూడలేదు. నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు. ఆ మాట అన్నది పెన్నులోని మత్తు అని ఇద్దరికీ తెలియదు కాబట్టి, ఆమె తన లెక్క తాను వేసుకుంది. ఇంట్లో వండేది ఎవరు? భూమి ఎవరికి వస్తుంది? లెక్క చక్కగా కుదిరింది, నేనైనా అలాగే వేసేదాన్నేమో.

మరునాటి నుంచి కొత్త పద్ధతి మొదలైంది. వండిన ప్రతి గిన్నెలోంచి మొదటి ముద్ద నేను తినాలి. అత్త ముందు, కూర్చుని, నమిలి, మింగి చూపించాలి. అప్పుడు కూడా ఆమె తినేది కాదు. పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుని తనకూ చిన్నకొడుక్కూ గంజి కాచుకునేది. మరి నేను తినడం ఎందుకంటే, చూడటానికి. పెద్దకొడుకు మాత్రం నా వంటే తినాలి. ఆయనకు పెట్టాల్సిన మద్దు పెళ్లయిన కొత్తలోనే పెట్టేసి ఉంటానని కాబోలు, ఆయన గురించి ఆమె ఆశ వదులుకుంది.

నేను ఏడ్చాను. రోజూ ఏడ్చాను. రొట్టె తట్టుతూ ఏడిస్తే, అందులో ఏదో మంత్రం చదువుతోందనుకుంటారని అది కూడా మానేశాను. మా ఆయనతో చెప్పుకుంటే, "జర ఓపిక పట్టు. అమ్మ పరేషాన్ల ఉన్నది. వాడు మంచిగైతే అన్నీ సక్కగైతయి" అనేవాడు. కాలిపోయిన మోటారును విప్పి ఏ తీగచుట్ట దగ్గర మాడిందో వేలు పెట్టి చూపించే మనిషి. ఇంట్లో ఏది మాడుతోందో మాత్రం ఆయనకు కనపడలేదు.

మాట గోడ దాటింది. జాకెట్లు ఇచ్చిన ఆడవాళ్లు కుట్టకముందే వెనక్కు తీసుకుపోయారు. కొలతకని నేను టేపు పట్టుకుంటే, ఒకామె తన వెంట్రుక ఏదైనా నా చేతికి చిక్కుతుందేమోనని కొప్పు చుట్టుకుని చేత్తో పట్టుకుంది. పక్కింటి ఖాలా ఒక్కతే వచ్చేది. బురఖాలూ పిల్లల బట్టలూ నా దగ్గరే కుట్టించుకునే పెద్దావిడ. మా వాకిట్లో అందరూ చూసేలా కూర్చుని, "ఏం వండినవ్ బిడ్డా, జర తే" అని అడిగి తినేది. "నాకు పెట్టు ఆ మద్దు ఏదో. మోకాళ్లు నొస్తున్నయ్, గదన్న తగ్గుతదేమో" అనేది. ఆ రోజుల్లో ఆమె నా ఇంటి గడప మీద కూర్చుని తిన్న అన్నానికి నేను బతికినన్నాళ్లు రుణపడి ఉంటాను.

చివరికి మద్దు తీసే ఆయన దగ్గరికి ప్రయాణం కట్టారు. గద్వాల దాటి, మా అత్త పుట్టింటి పక్క ఊరు. మద్దు పెట్టినదాన్ని వెంట తీసుకుపోకూడదట. కాని దారిలో వాంతి వస్తే బక్కెట్ పట్టేదెవరు, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసేదెవరు? అందుకని శాస్త్రం కొంచెం సడలించి నన్ను కారులో వెనక సీట్లో కూర్చోబెట్టారు.

ఆయన ఇంటి ముందు జనం బాగానే ఉన్నారు. అందరూ ఎవరో ఒకరి వంట తిని వచ్చినవాళ్లే. మా వంతు రాగానే ఆయన మా మరిది అరచేతిలో ఏదో ఆకు పసరు పోశాడు. కాసేపటికి అది చిక్కబడి గడ్డకట్టింది. మా అత్త నా వైపు చూసింది. గడ్డకడితే మద్దు ఉన్నట్టు. ఆ రోజు వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ గడ్డకట్టింది, అది వేరే సంగతి.

"బయటోల్లు గాదు" అన్నాడాయన కళ్లు మూసుకుని. "ఇంట్ల ఆడమనిషే. వంట జేసేది. బయటి నుంచి వచ్చినామె."

మా ఇంట్లో వంట చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. కోడలన్నాక బయటి నుంచే వస్తుంది. ఇంత తేలికైన దానికి కళ్లు మూసుకోవడం ఎందుకని నాకనిపించింది. ఆ తర్వాత మరిదికి ఒక గ్లాసు పసరు తాగించాడు. నీళ్లే నిలవని కడుపులో పసరు ఏం నిలుస్తుంది. అరుగు మీద వంగి వంగి కక్కాడు. ఆయన అందులోంచి పుల్లతో ఏదో నల్లటి ముద్ద తీసి ఆకులో పెట్టి చూపించాడు. పాత చింతపండులా ఉంది. "ఇగో, ఇదే" అన్నాడు. మా అత్త రెండు చేతులూ జోడించింది.

నేను ముద్దను చూడలేదు, మరిది మొహం చూశాను. పాలిపోయి, పెదాలు పగిలి, అరుగు అంచు పట్టుకుని ఉన్నాడు. నా కళ్లలోకి ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నీరసం అనుకున్నాను.

మద్దు బయటపడింది కాబట్టి ఇక తగ్గాలి. తగ్గలేదు, ఎక్కువైంది. దానికీ మా అత్త దగ్గర జవాబుంది. ఇంట్లో మళ్లీ పెడుతున్నారు, వాడు తాగేది ఆమె కాచిన గంజే అయినా. గద్వాల నుంచి ఆమె తమ్ముడు, అంటే మా ఆయనకు మేనమామ, ఇంకొందరు దగ్గరివాళ్లు ఆదివారం వస్తారని, కూర్చుని మాట్లాడి నన్ను నాగర్‌కర్నూల్‌కు పంపుతారని మా ఆయన నేల చూస్తూ చెప్పాడు. "కొన్ని రోజులే" అన్నాడు. మద్దు పెట్టిందన్న పేరుతో పుట్టింటికి పోయిన ఆడది కొన్ని రోజుల్లో తిరిగొచ్చిందని నేనెక్కడా వినలేదు. మా అమ్మకు ఏమని చెప్పాలి? ఏ మొహంతో నాగర్‌కర్నూల్ బస్సు దిగాలి? బట్టలు సర్దమంటే మిషను వైపు చూశాను. అది మా నాన్న కొనిచ్చింది. దాన్ని బస్సులో ఎలా తీసుకుపోవాలా అన్న ఆలోచనే ఆ రోజంతా పట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం మా అత్త గుడికి పోయింది. బాత్రూములో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. పిలిస్తే పలకలేదు. తలుపు తోస్తే, మరిది గోడకు ఒరిగి పడి ఉన్నాడు. ఖాలా, నేను కలిసి బయటికి లాక్కొచ్చాం. ఆమె కొడుకు ఆటో తెచ్చాడు. ఊరి క్లినిక్కు వద్దు, పసరు వద్దు, నేరుగా వనపర్తి దవాఖానకే పోనియ్యమన్నాను. నిజం చెబుతున్నాను, ఆటోలో ఆయన తల నా ఒడిలో ఉన్నంతసేపూ నాకు ఒకటే భయం. వీడు పోతే నేను హంతకురాలినైపోతాను. ఆ తర్వాతే, పాపం పిల్లవాడు అన్న జాలి. ఆ వరుసకు నేనేమీ సిగ్గుపడను.

సెలైన్ ఎక్కించారు. మా ఆయన షాపు మూసి బండి మీద వచ్చాడు, వెనక అత్త. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి, సీసా చూసుకోవడానికి నన్నొక్కదాన్ని ఉండనిచ్చింది. మరిది కళ్లు తెరిచాక ఆమె అడిగిన మొదటి ప్రశ్నకు నేను ఉలిక్కిపడ్డాను.

"వేడినీళ్లు పోసుకుంటే కడుపునొప్పి తగ్గుతదా?"

మరిది నా వైపు చూశాడు. "మీకెట్ల తెలుసు మేడం?"

"గంజాయి ఎన్ని రోజుల సంది తాగుతున్నవ్?"

అంత నీరసంలోనూ మా మరిదికి కోపం వచ్చింది. దిండు మీద కాస్త లేచాడు. "గంజాయా? నేను గంజాయి ముట్టను మేడం. అది వేరేటోల్లు తాగేది. నేను కాన్సంట్రేట్స్ తీసుకుంట."

"అంటే బియ్యం ముట్టవు, అన్నం తింటవన్నట్టు" అంది డాక్టరమ్మ.

ఆమెకు తెలియదని జాలిపడ్డాడో ఏమో, చెప్పడం మొదలుపెట్టాడు. అన్నాళ్లుగా రెండు మాటలు కలిపి మాట్లాడనివాడు ఆ మంచం మీద పాఠమే చెప్పాడు. మొక్క పువ్వు మీద ఉండే పొడిని కీఫ్ అంటారట. ఆ పొడి గడ్డకడితే హషీష్. పచ్చిమొక్కను చేతుల్లో నలిపితే అంటుకునే నల్ల జిగురు చరస్. చిన్న సీసాల్లో వచ్చే చిక్కటి నూనె హాష్ ఆయిల్. మైనంలా మెత్తగా ఉంటే వాక్స్, గాజులా పెళుసుగా విరిగితే షాటర్. ఏ రసాయనమూ కలవనిది రోజిన్, అది అన్నిటికంటే శుద్ధమట. శుద్ధం అన్నప్పుడు ఆయన గొంతులో ఎంత గౌరవమో. ఈయన పెన్నులో పోసుకునేది నూనె రకం. పొగ రాదు, ఆవిరి వస్తుంది. ఉన్న కొద్దిపాటి వాసనకు అగరుబత్తి. మా ఇంట్లో వెలిగిన భక్తి అదన్నమాట.

డాక్టరమ్మ అంతా విని, నాకు అర్థమయ్యేలా చెప్పింది. "ఆకులో ఉండే మత్తును పిండి చిక్కగ చేసింది ఇది. కొంచెం పీల్చినా చాన ఎక్కుతది. మొదట నవ్వు, ఆకలి. తర్వాత మతిమరుపు, ఏ పని మీద మనసు లేకపోవుడు. కొందరికి గుండెదడ, ఊకె భయం, లేని మాటలు వినపడుడు. చాన రోజులు తీసుకున్నోల్లల్ల కొందరికి కడుపు గిట్ల తిరగబడతది. వేడినీళ్లతోటి జరసేపు ఆగుతది, అంతే. మానేస్తే తగ్గుతది. మానకుంటే ఒంట్ల నీళ్లన్నీ పోయి కిడ్నీల మీద పడతది. ఈసారి జర ఆలస్యమైతే అదే అయ్యేది."

"కాని మేడం, వాంతులకు అదే మందు అని ఇంటర్నెట్ల ఉన్నది" అన్నాడు మరిది. "అందుకే వాంతి వచ్చినప్పుడల్లా ఇంకింత పీల్చిన."

డాక్టరమ్మ సెలైన్ వేగం సరిచేసింది. నా భుజం తట్టి వెళ్లిపోయింది.

నేను స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గద్వాల దిక్కు పోయి పసరు తాగినప్పుడు నీకు తెల్వదా, అది మద్దు కాదని?"

"వాంతులు దీనికే అని నిజంగ తెల్వదు వదినా."

"నేను అడిగింది అది కాదు."

"మద్దు కాదని తెల్సు" అన్నాడు. "మద్దు అనుకుంటే అమ్మ నా గది దిక్కు చూడదని ఊకున్న."

అంటే నేను వాడికి ఇంకో అగరుబత్తి. ఆ క్షణంలో సూది పీకి బయట పడేద్దామన్నంత కోపం వచ్చింది. పీకలేదు. సీసా అయిపోవస్తుంటే నర్సును పిలిచాను.

మా ఆయనకూ అత్తకూ డాక్టరమ్మే చెప్పింది. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మా అత్త అర్థమైనంత అర్థం చేసుకుని చాలాసేపు కొంగుతో మొహం కప్పుకుంది. నాతో ఏమైనా అంటుందని ఎదురుచూశాను. ఆ సాయంత్రం ఖాలా కొడుకు డబ్బా పంపించాడు. అందులో రొట్టెలు ఖాలావి, వంకాయ కూర పొద్దున నేను చేసి ఖాలాకు ఇచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినని మా అత్త, ఎవరు చేశారని అడగకుండా తిన్నది. తింటుండగా ఫోన్ మోగింది. గద్వాల తమ్ముడు.

"అవు, దవాఖానలనే ఉన్నం. మద్దేరా. ఇంకేంది మరి. లోపట ఇంకా మిగిలున్నదట" అంది మా అత్త, నా వంకాయ కూర నంజుకుంటూ.

ఫోన్ పెట్టేశాక మా ఆయన నన్ను వరండా చివరికి పిలిచి బతిమాలాడు. గంజాయి అని తెలిస్తే పోలీసు కేసు, ఉద్యోగం పోతుంది, రేపు పిల్లనెవరిస్తారు. మద్దు అయితే ఏ బాధా లేదు. "మద్దుకు కేసు లేదు కదా. ఎట్లాగు అందరికి గట్లనే తెల్సు. జర గట్లనే ఉండనీ. నీది పెద్ద మనసు" అన్నాడు. నా మనసు పెద్దదని పెళ్లయినప్పటి నుంచి ఆయన అన్నది అదే మొదటిసారి. ఇంటి పరువు కోసం నేను దయచేసి మంత్రగత్తెగా కొనసాగాలి.

నేను ఆయన్ను వరండాలోనే వదిలేశాను. లోపలికి పోయి మరిదితో చెప్పాను. "ఆదివారం మీ మామ వస్తుండు. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా? నేను చెప్తే కీఫ్ కాడికెల్లి షాటర్ దాకా అన్నీ చెప్త. నీకంటే మంచిగ గుర్తున్నయి నాకు."

ఆదివారం నాటికి ఇంటికొచ్చాం. వాంతులు ఆగాయి. పెన్నూ సీసాలూ ఏమయ్యాయో మరిదిని అడిగితే, రాగానే మోరీలో పడేశానన్నాడు. నమ్మాలనే ఉంది. వచ్చినవాళ్లు వాకిట్లో మంచాల మీద కూర్చున్నారు. గోడ అవతల ఖాలా చాలా తీరిగ్గా బట్టలు ఆరేస్తోంది. పంచాయితీకి ముందు భోజనాలు. నన్ను వెళ్లగొట్టడానికి వచ్చినవాళ్లకు వంట నేనే చేశాను, ఇంకెవరు చేస్తారు. విస్తళ్లు వేసి, గిన్నెలన్నీ తెచ్చి పెట్టి, అలవాటు ప్రకారం అందరి ముందూ నా విస్తరిలో అన్నం పెట్టుకుని కూర్చుని పప్పులో ఒక ముద్ద, కూరలో ఒక ముద్ద, చారులో ఒక గుక్క నేనే ముందు తిన్నాను. మేనమామ కన్నార్పకుండా చూస్తున్నాడు. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

మరిది లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా విస్తరి తన ముందుకు లాక్కుని, నేను కలిపిన అన్నం తీసుకుని తిన్నాడు. మింగి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. "మామా, నాకు ఎవరు మద్దు పెట్టలే. నేనే పెట్టుకున్న. గంజాయి నూనె. రోజు పీల్చిన. వదినకేం తెల్వదు."

కాన్సంట్రేట్ అనలేదు. గంజాయి అన్నాడు. అందుకు నాకు వాడి మీద కొంచెం కోపం తగ్గింది.

మేనమామ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గంజాయా? మా దిక్కు కంది చేన్ల నడుమ దొంగతనంగ పెట్టి జైలుకు పోయినోల్లున్నరు. దానికోసం హైదరాబాద్ దాక పోయి ఉద్యోగం చేయాల్నారా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. మా ఆయన నవ్వలేదు. పంచాయితీ ఏమీ జరగలేదు. క్షమించమని ఎవరూ అడగలేదు, మా దగ్గర ఆ అలవాటు తక్కువ. మేనమామ ముందుగా చెయ్యి పెట్టాడు, తర్వాత మిగిలినవాళ్లు. నా నాగర్‌కర్నూల్ ప్రయాణం సంగతి ఎవరూ ఎత్తలేదు. మిషను ఉన్నచోటే ఉంది.

మరిది మళ్లీ మొదలుపెట్టడని నేను చెప్పలేను. మానసిక డాక్టరు దగ్గరికి మందులకు పోతున్నాడు. ఒక్కోరోజు ఊరికే విసుక్కుంటాడు, నిద్ర పట్టదంటాడు. వేడినీళ్లు మాత్రం అడగడం లేదు.

ఆ ఆదివారం అందరి తర్వాత మా అత్త కూర్చుంది. నెలల తర్వాత, తెలిసి తెలిసి నా చేతి అన్నం విస్తట్లో వేసుకుని, పప్పు కలుపుకుని, నోట్లో పెట్టుకుంది. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఆమె నమిలింది, మింగింది, నా వైపు చూడకుండా అంది.

"పప్పుల ఉప్పు తక్కువైందే."

మొదటి ముద్ద నాదే కాబట్టి, ఉప్పు సరిగ్గా ఉందని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చి ఆమె పక్కన పెట్టాను.